పిల్లలు ఒంటిరంగు గురించి గట్టిగా అడిగేస్తే ఏం చెప్పాలి?

బస్సులో ఒకావిడను చూసి మీ ఐదేళ్ల పాప "అమ్మా, ఆవిడ అంత నల్లగా ఉందేంటి?" అని గట్టిగా అడిగిందని, ఏం చెప్పాలో తోచక "ష్" అన్నానని రాశారు.

పాపకు ఆ "ష్" కూడా జవాబే. రంగు మాట ఎత్తకూడదు, అంటే అందులో ఏదో తప్పుందన్నమాట అనుకుంటుంది. ఇంకా చిన్నపిల్ల కదా అని వాయిదా వేయకండి. తరచూ కనిపించే జాతివాళ్ల ముఖాల వైపు పిల్లలు మూడు నెలల వయసుకే ఎక్కువసేపు చూస్తారని పరిశోధనల్లో తేలింది.

అక్కడికక్కడే, మామూలు గొంతుతో చెప్పండి: "అవును, ఆవిడ నలుపు, నువ్వు చామనఛాయ. చర్మంలో మెలనిన్ అనే రంగు పదార్థం కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ." ఆవిడ ఇటు చూస్తే పలకరింపుగా నవ్వండి. పాఠం మాత్రం ఆవిడ చేత చెప్పించొద్దు.

ఇంటికొచ్చాక వాటర్ కలర్స్ తీసి, పాప చెయ్యి రంగు పాపనే కలపమనండి. బ్రౌన్ పెద్ద బొట్టు, పసుపు, ఎరుపు చెరో చిన్న బొట్టు, తెలుపు కొద్దికొద్దిగా. నలుపు వేస్తే బూడిదరంగు వచ్చేస్తుంది, ముదురు కావాలంటే నీలం ఒక్క చుక్క చాలు. కాగితం మీద పూసి మణికట్టు పక్కన పెట్టి చూడండి: లోపలివైపుకు సరిపోయింది పైవైపుకు సరిపోదు. ఒక్క చేతికే రెండు రంగులు! క్రేయోలా కంపెనీ ఒక లేతరంగు క్రేయాన్‌కు "చర్మం" అనే అర్థమొచ్చే పేరు పెట్టి, 1962లో దాన్ని "పీచ్" (ఒక పండు పేరు) అని మార్చింది. "ఎవరి చర్మం?" అని పాపనే అడగండి.

ఎక్కువమంది పొరబడేది "మనుషులంతా ఒకటే, రంగు చూడకూడదు" అనడంలో. తేడా పాప కళ్లకు కనిపిస్తూనే ఉంది. కనిపించనట్టు ఉండమంటే, రేపు ఎవరైనా రంగు పేరుతో ఏడిపించినా మీకు చెప్పదు. చెప్పిన రోజున "పట్టించుకోకు" అనకండి. ఏ మాట అన్నారు, ఎవరున్నారు అని అడిగి, ఉన్నదున్నట్టు తేదీతో రాసుకుని టీచర్‌కు చూపించండి. "తప్పు ఆ మాటది, నీ రంగుది కాదు" అని పాపకు విడిగా చెప్పండి.

ఏడెనిమిదేళ్లు వచ్చాక, జాతుల మధ్య గీతలు మనుషులు గీసినవేనని చెప్పొచ్చు. అమెరికా జనగణనలో ఒకరు తనకు ఒకటికి మించి జాతులు గుర్తించుకునే వీలు 2000లో గానీ రాలేదు. గీత కల్పితమైనా దానివల్ల జరిగిన అన్యాయం నిజం. అమెరికాలో నల్లజాతివాళ్ల బానిసత్వం లాంటి వాటి గురించి ఈ వయసులోనే మొదలుపెట్టండి.

ఇంట్లో పెద్దల మాటల్ని కూడా కాస్త గమనించండి. "నల్లగా ఉన్నా కళగా ఉంది" అంటుంటారు. ఆ "ఉన్నా" దగ్గరే పిల్లలు నేర్చేసుకుంటారు. ఎవరైనా అలా అంటే పాప ముందే "నల్లగా ఉంది, కళగా ఉంది" అని సరిచేయండి.