పక్కకు తిరిగిన మ్యాప్, రెట్టింపైన వాన, పాస్‌వర్డ్ అడిగే జిప్ ఫైల్

హనుమకొండ నుంచి ఒక ఎంటెక్ స్టూడెంట్ రాసిన్రు: "2023 జులై చివర్ల ములుగు, భూపాలపల్లి దిక్కు పడ్డ వాన మీద ప్రాజెక్ట్ చేస్తున్న. నాసా ఐమెర్గ్ అరగంట ఫైళ్లు దించుకుని క్యూజీఐఎస్‌లో వేస్తే మ్యాప్ నిలువుగా వస్తుంది, జిల్లా బౌండరీ మీద కూర్చోవట్లేదు. సీనియర్ ఒక ప్లగిన్ జిప్ పంపిండు, ఒక్క క్లిక్‌తో అయిపోతదట. కానీ అది ఎర్త్‌డేటా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇయ్యొచ్చా?"

ఇయ్యొద్దు. ఎందుకో కింద వివరంగా చెప్తా, ముందు మ్యాప్ సంగతి చూద్దాం, ఎందుకంటే వానాకాలం వచ్చిందంటే ఈ నిలువు మ్యాప్ ప్రశ్న ఎవరో ఒకరు అడగకుండా ఉండరు. కొత్తోళ్లకి ఒక మాట: ఐమెర్గ్ అంటే శాటిలైట్ల నుంచి నాసా అంచనా వేసే వాన డేటా, క్యూజీఐఎస్ ఫ్రీగా దొరికే మ్యాప్ సాఫ్ట్‌వేర్, ప్లగిన్ దానికి తగిలించే చిన్న ప్రోగ్రాం, ఎర్త్‌డేటా ఆ డేటా దించుకునే నాసా అకౌంట్.

ఇన్‌స్టాల్ చేసుడు, లేయర్ యాడ్ చేసుడు లాంటివి వదిలేస్తున్న. ఐమెర్గ్ హెచ్‌డీఎఫ్5 ఫైల్‌లో డేటా ముందు టైమ్, తర్వాత లాంగిట్యూడ్, చివర్ల లాటిట్యూడ్ అనే వరుసలో పెట్టిన్రు. సాఫ్ట్‌వేర్ ఏమో చివర్ల ఉన్నదాన్ని అడ్డం అనుకుంటది. దాంతో 3600 అడ్డం, 1800 నిలువు ఉండాల్సిన ప్రపంచం తిరగబడి 1800 అడ్డం, 3600 నిలువు అయితది. ఉత్తరం కుడి పక్కకు, తూర్పు కిందికి పోతది. పైగా అది లాటిట్యూడ్, లాంగిట్యూడ్ కాకుండా ఉత్త పిక్సెల్ నంబర్లతో తెరుచుకుంటది, అందుకే లేయర్ పక్కన ప్రశ్న గుర్తు కనిపిస్తది. చాలామంది ఆ గుర్తు నొక్కి ఈపీఎస్‌జీ 4326 (లాటిట్యూడ్, లాంగిట్యూడ్ డిగ్రీలకు వాడే కోడ్) పెట్టేసి, అయినా బౌండరీ మీద కూర్చోలేదని మళ్లీ రాస్తరు. కూర్చోదు. ఆ బొమ్మలో వరంగల్ 1080వ నిలువు వరుస, 2596వ అడ్డం వరుస దగ్గర ఉంటది, మీరు దానికి డిగ్రీలని పేరు పెడితే 1080 డిగ్రీలు భూమ్మీద ఎక్కడున్నయి?

పైథాన్ వస్తే పని చిన్నదే. అర్రేని (అంకెల పట్టికని) ట్రాన్స్‌పోజ్ చేయండి, అంటే అడ్డం వరుసలు నిలువు చేయండి, పైది కిందికి తిప్పండి, ఎడమ పై మూల మైనస్ 180, 90 అని, పిక్సెల్ సైజు 0.1 అని ఇచ్చి జియోటిఫ్‌గా (భూమ్మీద ఎక్కడిదో కూడా రాసి ఉండే బొమ్మ ఫైల్‌గా) రాయండి. ఖాళీ విలువ మైనస్ 9999.9 అని నోడేటాలో పెట్టడం మర్చిపోవద్దు, లేకుంటే జిల్లా సగటు వాన మైనస్‌లో వస్తది. పాత వీడియోలు చూసి చేసేటోళ్లకి ఇంకో మాట, వాటిల్లో వేరియబుల్ పేరు ప్రెసిపిటేషన్‌కాల్ అని ఉంటది, వెర్షన్ 7 నుంచి అది ఉత్త ప్రెసిపిటేషన్. పైథాన్ రాకపోతే నాసా వాళ్లే తయారుగా ఇచ్చే జియోటిఫ్‌లు తీసుకోండి, అవి నేరుగా కూర్చుంటయి. కానీ వాటిల్లో విలువలు పూర్ణాంకాల్లో ఉంటయి, స్కేల్ ఎంతో డాక్యుమెంట్‌లో చూసి భాగించిన తర్వాతే మిల్లీమీటర్లు అనండి.

మ్యాప్ సరిగ్గా కూర్చుంది గదా అని అక్కడితో ఆపేస్తే అసలు తప్పు లోపలే ఉండిపోతది. అరగంట ఫైల్‌లో ఉన్నది గంటకు ఎన్ని మిల్లీమీటర్లు అనే రేటు, ఆ అరగంటలో పడ్డ వాన కాదు. రోజుకు 48 ఫైళ్లు కూడి సగం చేయకపోతే మీ థీసిస్‌లో వాన రెట్టింపు అయితది. సాఫ్ట్‌వేర్ ఏ ఎర్రర్ చూపదు, రంగులు చక్కగా వస్తయి, గైడ్ కూడా సంతకం పెట్టేస్తడు.

రోజు లెక్క కూడా అంతే. మన దగ్గర గేజ్ (వాన కొలిచే పరికరం) రోజు పొద్దున 8:30 నుంచి మర్నాడు పొద్దున 8:30 దాకా. శాటిలైట్ రోజువారీ ఫైల్ యూటీసీ (గ్రీన్విచ్ టైమ్) ప్రకారం, అంటే మన టైమ్‌లో పొద్దున 5:30 నుంచి 5:30. ఆ మూడు గంటల తేడా మామూలు రోజుల్లో పెద్దగా తెల్వకపోవచ్చు గానీ 2023 జులై 27 లాంటి రోజు మొత్తం లెక్కనే మార్చేస్తది. 26న ఫైల్ పేరులో ఎస్030000 అని ఉన్నదాని నుంచి 27న ఎస్023000 అని ఉన్నదాని దాకా తీసుకోండి, అప్పుడు గేజ్ రోజుతో సరిపోతది.

అన్నీ సరి చేసినా ములుగు జిల్లా లక్ష్మీదేవిపేట గేజ్‌తో కలవదు, దానికి భయపడొద్దు. ఆ 24 గంటల్లో అక్కడ నమోదైంది 649.8 మిల్లీమీటర్లు, రాష్ట్రంలోనే రికార్డు. గేజ్ చెప్పేది తను ఉన్నచోటి వాన. 0.1 డిగ్రీ పిక్సెల్ చెప్పేది మన అక్షాంశం దగ్గర దాదాపు 117 చదరపు కిలోమీటర్ల సగటు. గ్రేటర్ వరంగల్ మొత్తం అట్లాంటి పిక్సెళ్లు నాలుగుకి మించదు, మరి హనుమకొండలోని నయీంనగర్ నాలా ఎందుకు పొంగిందో ఈ డేటాలో వెతికితే ఏం దొరుకుతది? వాన పడుతున్నప్పుడు చూసుకోవాలంటే నాలుగు గంటల్లో వచ్చే ఎర్లీ రన్ చాలు, థీసిస్‌కి మాత్రం మూడున్నర నెలలు ఆగినా సరే గేజ్ లెక్కలతో సరిచేసిన ఫైనల్ రన్ వాడండి. 2023ది ఎప్పుడో వచ్చేసింది, ఇంకా ఎర్లీతో నెట్టుకొచ్చుడు దేనికి?

ఇగ ఆ జిప్ సంగతి. ఈ ఉత్తరంలో నన్ను నిజంగా భయపెట్టింది ఇదే. క్యూజీఐఎస్ ప్లగిన్ అంటే పైథాన్ ప్రోగ్రాం, దానికి వేరే గది, తాళం ఏమీ ఉండవు, మీ లాగిన్‌తో మీరు ఏ ఫైల్ తెరవగలరో అదీ తెరవగలదు, డాక్యుమెంట్లు చదవగలదు, ఎక్కడికైనా పంపగలదు. జిప్ నుంచి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నమ్మకం లేని చోటు నుంచి తెచ్చింది పెట్టొద్దని సాఫ్ట్‌వేర్ చెప్తనే ఉంటది, మనోళ్లు చదవకుండా ఎస్ కొడతరు. ఎర్త్‌డేటా అకౌంట్ ఫ్రీయే గదా పోతే పోయిందిలే అంటరు కొందరు. అకౌంట్ ఫ్రీయే, కానీ మీరు అక్కడ పెట్టిన పాస్‌వర్డే మీ మెయిల్‌కి కూడా పెట్టుకుని ఉంటే పోయేది మెయిల్, మెయిల్‌తో పాటు బ్యాంకు దాకా పోతది. సీనియర్ మంచోడే అయ్యుండొచ్చు, ఆయనకి ఆ జిప్ ఎవరిచ్చిన్రో ఆయనకే తెల్వదు.

జిప్ విప్పి అందులోని పైథాన్ ఫైళ్లను నోట్‌ప్యాడ్‌లో తెరిచి పాస్‌వర్డ్ అనే పదం వెతకండి. అది ఏ అడ్రస్‌కి పోతుందో చూడండి. ఎర్త్‌డేటా నాసా డాట్ గవ్ కాకుండా వేరే అడ్రస్ కనిపిస్తే డిలీట్. అనుమానం లేకపోయినా పాస్‌వర్డ్ ఇచ్చే అవసరం లేదు, ఎర్త్‌డేటా ప్రొఫైల్‌లో టోకెన్ తీసుకోవచ్చు, 60 రోజులకు దానంతట అదే చెల్లకుండా పోతది, మధ్యలో మీరే రద్దు చేయొచ్చు. ఇంకో సంగతి, డౌన్‌లోడ్ స్క్రిప్ట్‌ల కోసం నెట్‌ఆర్‌సీ ఫైల్‌లో పాస్‌వర్డ్ రాస్తరు గదా, అది ఉన్నదున్నట్టు కనిపించే అక్షరాల్లోనే ఉంటది. కాలేజీ ల్యాబ్‌లో అందరూ ఒకే లాగిన్ వాడే కంప్యూటర్‌లో దాన్ని వదిలేసి ఇంటికి పోవుడు అస్సలు చేయొద్దు.

కరీంనగర్ నుంచి సర్వే పని చేసే ఒకాయన రాసిన ఉత్తరం కూడా ఇక్కడికే వస్తది: "చెరువుల మ్యాప్ ప్రాజెక్ట్ ఫైల్ వాట్సాప్‌లో కాంట్రాక్టర్‌కి పంపిన. ఆయన దగ్గర మా డేటాబేస్ మొత్తం తెరుచుకుంది, మేం పాస్‌వర్డ్ చెప్పనే లేదు." మీరు నోటితో చెప్పలేదు గానీ ఫైల్ చెప్పింది. క్యూజీజెడ్ (క్యూజీఐఎస్ ప్రాజెక్ట్) ఫైల్ పేరు చివర జిప్ అని మార్చి విప్పి చూడండి, లోపల క్యూజీఎస్ ఉంటది, నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే సర్వర్ అడ్రస్, యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఒకే లైన్లో దొరుకుతయి. కనెక్షన్ పెట్టేటప్పుడు పాస్‌వర్డ్ పక్కన స్టోర్ అని టిక్ పెట్టిన్రు, అందుకే. ఇప్పుడే డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చండి, గ్రూప్‌లో ఫైల్ డిలీట్ చేస్తే సరిపోదు. ఇక మీదట అథెంటికేషన్ మేనేజర్‌లో మాస్టర్ పాస్‌వర్డ్‌తో దాచండి, బయటోళ్లకి చూడడానికి మాత్రమే హక్కు ఉన్న వేరే యూజర్ ఇవ్వండి. పాస్‌వర్డ్‌ని మామూలు అక్షరాల్లో దాచే టిక్‌బాక్స్ అసలు ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఎందుకు ఉండాలో నాకు అర్థం కాదు, పక్కన వార్నింగ్ రాస్తే బాధ్యత తీరదు.

అప్‌డేట్లు కూడా ఈ జిప్‌ల వెంట పడేటట్టు చేస్తయి. కొత్త వెర్షన్ రాగానే కొట్టేస్తరు, పాత ప్లగిన్ పని చేయదు, రేపు సబ్‌మిషన్, అప్పుడు "పని చేసే జిప్ ఎవరి దగ్గరైనా ఉందా" అని గ్రూపుల్లో అడుగుతరు. పని మధ్యలో ఉన్నోళ్లు లాంగ్ టర్మ్ రిలీజ్ (ఎక్కువ కాలం మారకుండా నడిచే వెర్షన్) మీదనే ఉండండి.

అయినా ఇంత అవస్థ ఎందుకు పడుతున్నం? ఆకాశం నుంచి అంచనా వేసిన వాన ప్రపంచంలో ఎవరికైనా ఫ్రీగా, అరగంటకొకటి దొరుకుతుంది. మన మండలంలో గేజ్‌లో నిజంగా పడ్డ వాన మాత్రం ఎక్కువగా పీడీఎఫ్ టేబుల్‌లో వస్తది, కాపీ చేస్తే కాలమ్‌లు కలిసిపోతయి, గేజ్ ఎక్కడుందో లాటిట్యూడ్ లాంగిట్యూడ్ ఉండదు, ఒక్కోసారి మండలం పేరు ఈ పీడీఎఫ్‌లో ఒక తీరు, రేపటి దాంట్లో ఇంకో తీరు. గేజ్‌లు ప్రజల పైసలతో పెట్టినయి. గేజ్ నంబర్, ఎక్కడుంది, టైమ్, మిల్లీమీటర్లు, ఈ నాలుగు కాలమ్‌లతో రోజూ ఒక సీఎస్‌వీ పెడితే హనుమకొండ స్టూడెంట్ శాటిలైట్ లెక్కను ఊరి లెక్కతో ఒక్క సాయంత్రంలో పోల్చి చూసుకుంటది.