పార్కిన్సన్స్ ఉన్న భర్తకు మతిమరుపు మొదలైంది, గదిలో ఎవరో ఉన్నారంటున్నారు. ఏం చేయాలి?

ముందు, వాదించకండి. పార్కిన్సన్స్‌తో వచ్చే డిమెన్షియాలో లేని మనుషులు, పిల్లలు, జంతువులు కనిపించడం మామూలే. మెదడు కణాల్లో ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రోటీన్ ముద్దకట్టడం వల్ల వచ్చే జబ్బు ఇది. ‘అక్కడెవరూ లేరు’ అని గట్టిగా చెప్పినకొద్దీ ఆయనకు టెన్షన్ పెరుగుతుంది. ‘నాకు కనబడట్లేదండీ, మీకు భయంగా ఉందా?’ అని అడిగి లైటు వేయండి. మసక వెలుతురులో కుర్చీకి వేలాడే చొక్కా కూడా మనిషిలా కనిపిస్తుంది, అది తీసేస్తే ఒక్కోసారి గొడవే ఉండదు. ఆయన భయపడకపోతే వదిలేయండి.

రెండు మూడు రోజుల్లోనే అయోమయం ఎక్కువైతే మాత్రం జబ్బు ముదిరిందని సరిపెట్టుకోకండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మాత్ర, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. వెంటనే డాక్టరుకు చూపించండి.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది హాలోపెరిడాల్ అనే, మనిషిని శాంతపరచడానికి ఇచ్చే మందు సంగతి. అరుస్తున్నారని, అల్లరి చేస్తున్నారని ఎమర్జెన్సీలో ఇలాంటి ఇంజెక్షన్ ఇచ్చే అవకాశముంది. ఈ రోగులకు దానివల్ల ఒళ్లు కొయ్యబారిపోయి ప్రాణం మీదికి రావచ్చు. జబ్బు పేరు, వాడుతున్న మందులు, ‘హాలోపెరిడాల్ వద్దు’ అన్న మాట ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. పార్కిన్సన్స్‌కు వాడే లెవోడోపా మాత్రను మీ అంతట మీరు ఆపకండి, ఒక్కసారిగా ఆపడం ప్రమాదం.

రాత్రి కలల్లో ఆయన చేతులు విసురుతుంటే మీరు వేరే మంచం వేసుకోండి. అందులో తప్పేమీ లేదు, మీకూ నిద్ర కావాలి.