ఈబే డబ్బుతో సినిమాలు తీస్తే అది సేవ అవుతుందా?

"జెఫ్ స్కోల్ ఆ డబ్బేదో నేరుగా మంచి పనులకు ఇవ్వొచ్చుగా, సినిమాలెందుకు?" అని ఒకరు నన్ను అడిగారు. అలా కూడా ఇచ్చాడు. ఆన్‌లైన్‌లో వస్తువులు అమ్మే, కొనే వేదిక అయిన ఈబేకి మొదటి ప్రెసిడెంట్ ఆయన. 1998లో కంపెనీ షేర్లు మార్కెట్లోకి వచ్చి సంపద చేతికందగానే, 1999లో స్కోల్ ఫౌండేషన్ అనే సేవా సంస్థ పెట్టాడు. పార్టిసిపెంట్ అనే సినిమా కంపెనీ పెట్టింది 2004లో. నన్నడిగితే ఆ రెండోదే పెద్ద సేవ.

కరోనా వ్యాపిస్తున్న 2020 మార్చిలో మా అమ్మ కాలిఫోర్నియాలో మా దగ్గరే ఉంది. వాట్సాప్‌లో వచ్చే ప్రతి చిట్కా నమ్మేది. నేనేదైనా చెబితే "నువ్వేమైనా డాక్టర్‌వా?" అని కొట్టిపారేసేది. ఒక రాత్రి 'కంటేజియన్' అనే అంటువ్యాధి కథ సినిమా పెట్టాను. 2011లో వచ్చిన ఆ సినిమా నిర్మాణంలో పార్టిసిపెంట్ భాగస్వామి. డాక్టర్ పాత్రలో నటి కేట్ విన్స్‌లెట్ బోర్డు మీద అంకెలు వేసి, ఒక రోగి నుంచి సగటున ఎంతమందికి జబ్బు అంటుకుంటుందో చెప్పే సీన్ ఉంటుంది. అమ్మ దాన్ని వెనక్కి తిప్పించి మళ్లీ చూసింది. ఇంగ్లీషు సగమే అర్థమైనా అంకెలు పూర్తిగా అర్థమయ్యాయి. గడ్డం కింద పెట్టుకున్న చెయ్యి టక్కున తీసేసి, "అయితే నేనొక్కదాన్ని ఇంట్లో ఉన్నా కొందరికి ఆగినట్టేగా" అంది. మర్నాడు మా పిన్నికి ఫోన్ చేసి ఆ లెక్కంతా తనే చెప్పింది. ఇయాన్ లిప్కిన్ లాంటి వైరస్ శాస్త్రవేత్తల సలహాతో తీశారు కాబట్టే అది అంత సూటిగా తగిలింది. ఎన్ని కరపత్రాలు పంచితే మా అమ్మ మారేది?

భవనం మీద పేరు చెక్కించుకోవడానికి విరాళమిచ్చే శ్రీమంతులంటే నాకు ఒళ్లు మంట. 'మెసేజ్ సినిమాలు ఎవరు చూస్తారు' అనేవాళ్లన్నా అంతే. పార్టిసిపెంట్ చేయి వేసిన 'స్పాట్‌లైట్', 'గ్రీన్ బుక్' రెండూ ఉత్తమ చిత్రం ఆస్కార్లు తెచ్చుకున్నాయి కదా!

స్కోల్ మీద నాకున్న కోపం వేరు. 2024 ఏప్రిల్‌లో ఆ కంపెనీని మూసేశాడు. ఇరవై ఏళ్లుగా కూడిన మనుషులు, అనుభవం ఒక్క నిర్ణయంతో చెల్లాచెదురు. అమెరికాలో పెద్ద యూనివర్సిటీలు మూలనిధి పెట్టుకుని, దాని మీద వచ్చే ఆదాయం సాయంతో తరతరాలు నడుస్తాయి. సినిమా కంపెనీకీ మొదట్లోనే అలాంటి నిధి కట్టి, పగ్గాలు ఒక ట్రస్టుకు అప్పగించి ఉండాల్సింది.