గుండె ఎంఆర్ఐ చదువు: ఆరు నెలల ఏఐ కోర్సు మేలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇమేజింగ్ టెక్నాలజీ డిగ్రీ చివరి ఏడాదిలో ఉంది. గుండె ఎంఆర్ఐలో రక్తప్రవాహం కొలిచే పని నేర్చుకుంటానంటోంది. బటన్లు నొక్కే ఆ ఉద్యోగాన్ని రేపు ఏఐ మింగేస్తుందని నా టెన్షన్. ఆరు నెలల మెడికల్ ఏఐ కోర్సులో చేర్చమంటారా? రెండింటినీ పోల్చి చెప్పండి. వాళ్లమ్మకేమో రేడియేషన్ భయం.

జవాబు: ముందు అమ్మగారి భయం తీర్చేద్దాం. ఎంఆర్ఐలో ఎక్స్‌రేలు ఉండవు. జాగ్రత్తంతా అయస్కాంతంతోనే. స్కాన్ జరగనప్పుడు కూడా అది పనిచేస్తూనే ఉంటుంది, ఇనుప వస్తువు దగ్గరికొస్తే లాగేసుకుంటుంది.

ఇక మీ సంగతి. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు, కోర్సు పేరు మారుతుందంతే. కానీ ‘బటన్లు నొక్కడం’ అన్నారు చూడండి, అక్కడ ఆగాలి. రక్తం కదిలే వేగాన్ని బట్టి దాని సిగ్నల్‌లో ఫేజ్, అంటే తరంగం ఏ దశలో ఉందన్నది, మారుతుంది. ఆ మార్పు నుంచే వేగం లెక్కగడతారు. గరిష్ఠంగా ఎంత వేగం దాకా కొలవాలో స్కాన్‌కు ముందే నిర్ణయించాలి. దాన్ని వెంక్ అంటారు. సెకనుకు 150 సెంటీమీటర్లు పెట్టారనుకోండి. వాల్వ్ ఇరుకై రక్తం 200 వేగంతో దూసుకెళ్తే, తెర మీద అది 100 వేగంతో వెనక్కి పోతున్నట్టు కనిపిస్తుంది! పోనీ అని వెంక్ మరీ పెంచేస్తే నాయిస్, అంటే కొలతలో గజిబిజి, పెరిగి, నెమ్మదిగా పారే రక్తం లెక్క చెడుతుంది. ఇవికాక స్లైస్, అంటే బొమ్మ తీసే అడ్డకోత, రక్తనాళానికి లంబంగా పడాలి, ఈసీజీ సరిగ్గా అందాలి, రోగి ఊపిరి బిగబట్టగలగాలి.

గుండెలో రంధ్రంలాంటి అడ్డదారులేవీ లేకపోతే బృహద్ధమనిలో, పుపుస ధమనిలో నికరంగా పారే రక్తం దాదాపు సమానంగా రావాలి. రాలేదనుకోండి, తేడా రోగిలో ఉందా, నా కొలతలో ఉందా? ఆ అనుమానం రాగలిగిన మనిషి కావాలి ఈ పనికి.

సాఫ్ట్‌వేర్ రక్తనాళం అంచు చక్కగా గీస్తోంది, అలా తిరగబడ్డ వేగాన్ని కొన్నిసార్లు సరిచేస్తోంది కూడా. ఆ మేరకు మనిషి పని తగ్గుతుంది, కాదనను. కానీ స్లైస్ వంకరగా తీస్తే, ఆ వంకర బొమ్మ మీదే అంతే అందంగా అంచు గీసి ఇస్తుంది. మీరు చెప్పే కోర్సులాంటివి చాలానే చూశాను. ఎవరో రాసిన ప్రోగ్రాముకి ఫైళ్లు అందించడం నేర్పి సర్టిఫికెట్ చేతిలో పెడతారు. మరి దాన్ని బటన్లు నొక్కడం అనరా? ఆ ప్రోగ్రామే రాయాలనుంటే గణితం, ఫిజిక్స్‌తో ఏళ్ల చదువు కావాలి. పక్కింటివాళ్లు చేర్చారని చేర్చకండి సార్.

కష్టం కూడా చెప్పాలి. గుండె ఎంఆర్ఐ ప్రతి ఆసుపత్రిలో చేయరు. మొదట్లో మోకాళ్లు, నడుములు, తలలే స్కాన్ చేస్తూ కూర్చోవాల్సి రావచ్చు. ఆ ఓపిక ఉందో లేదో అమ్మాయే చెప్పాలి. మీ ఉత్తరంలో ఆమె మాట ఒక్కటీ లేదు. ఈసారి ఆమెనే రాయమనండి.