మాస్క్‌లో ఆ చివరి సంఖ్య

రాయగడ

చిట్టితల్లీ,

గుణుపురం నర్సింగ్ హోమ్‌లో నెట్‌వర్క్ పని నీకే అప్పజెప్పారని అక్క నిన్న ఫోన్‌లో చెప్పింది. వెంటనే మజ్జిగౌరమ్మ గుడికెళ్లి కొబ్బరికాయ కొట్టి వచ్చాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఆసుపత్రి పని కదా, టెన్షన్.

కేబుళ్లకు రెండు వైపులా పేర్లు రాయడం, రూటర్ పాస్‌వర్డ్ మార్చడం నీకు తెలిసినవే. అడ్రస్‌ల విషయానికొస్తాను, అంటే నెట్‌వర్క్‌లో ఒక్కో మెషీన్‌కి ఇచ్చే నంబర్లు. లోపలి వాడకానికి 1994 నుంచి ఉన్న వరసలు మూడే: 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా, 192.168తో మొదలయ్యేవి. 172.32 చూసి ఇదీ అలాంటిదేలే అనుకోకు, అది బయట ఎవరిదో. 192.168.1 కూడా వద్దమ్మా. చాలా ఇళ్ల రూటర్లలో అదే ఉంటుంది. రేపు డాక్టరుగారు ఇంటి నుంచి వీపీఎన్‌లో, అంటే ఇంటర్నెట్ మీదుగా ఆసుపత్రి నెట్‌వర్క్‌లోకి వచ్చే దారిలో, రిపోర్టులు చూస్తానంటే ఇంటి అడ్రస్‌లూ ఆసుపత్రి అడ్రస్‌లూ తగులుకుంటాయి. 10.40.7 లాంటిదేదైనా తీసుకో.

ఇక మాస్క్. అడ్రస్‌లో ఎంత భాగం నెట్‌వర్క్‌ది, ఎంత భాగం మెషీన్‌ది అని చెప్పే సంఖ్య అది. 14 ఏళ్ల కిందట ఒక చిన్న ఆసుపత్రిలో, పాత పని నోట్‌బుక్ చూసి ల్యాబ్‌లో రెండు కంప్యూటర్లకు 255.255.255.128 వేశాను. మిగతా వాటికి 255.255.255.0. ల్యాబ్‌లో ఒకటి 192.168.1.140, డాక్టరు టేబుల్ మీదది 192.168.1.20. ల్యాబ్‌లో ఉన్న రెండూ ఒకదాన్నొకటి పింగ్ చేస్తే, అంటే ఉన్నావా అని కబురు పంపితే, చక్కగా పలికాయి. డాక్టరు కంప్యూటర్‌తో మాత్రం ఉలుకూ పలుకూ లేదు. కేబుల్ మార్చాను, కేబుళ్లన్నీ కలిసే స్విచ్ మార్చాను. లాభం లేదు, తప్పు మాస్క్‌లో ఉంది.

నెట్‌వర్క్‌ని ఒక వీధి అనుకో. మాస్క్ చివర 0 ఉంటే 254 మెషీన్లు ఒకే వీధిలో ఉన్నట్టు. 128 వేస్తే చివరి ఎనిమిది బిట్లలో మొదటిది కూడా వీధి పేరులోకి పోతుంది, వీధి మధ్యలో గోడ లేస్తుంది. 1 నుంచి 126 ఇవతల, 129 నుంచి 254 అవతల. డాక్టరు కంప్యూటర్ 20కి తన మాస్క్‌లో గోడ లేదు, ల్యాబ్‌లోని 140ని పక్కిల్లే అనుకుని కబురు పంపింది. అది చేరింది కూడా. జవాబు పంపాల్సిన 140కి మాత్రం 20 గోడ అవతలుంది. గేట్‌వే, అంటే వీధి దాటించే రూటర్, ద్వారా పంపుదామంటే దాని అడ్రస్ 192.168.1.1 కూడా అవతలే. గేట్‌వే వేరే నెట్‌వర్క్‌లో ఉందని విండోస్ ముందే హెచ్చరిక చూపించింది. నేను చదవకుండా సరే నొక్కేశాను. నీకూ ఆ అలవాటుంది, సంక్రాంతికి వచ్చినప్పుడు చూశాను. మానుకో.

ఆ రాత్రి కొండ మీది ఊరి నుంచి జ్వరంతో ఒక పిల్లాణ్ణి తెచ్చారు. రక్తం రిపోర్టు ల్యాబ్ కంప్యూటర్‌లో సిద్ధంగా ఉంది, డాక్టరుకి కనబడదు. గంట తర్వాత ల్యాబ్ కుర్రాడు కాగితం పట్టుకుని పరిగెత్తాడు. పిల్లాడు కోలుకున్నాడు. వాళ్లమ్మ వరండాలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్న తీరు మాత్రం నా కళ్ల ముందు నుంచి పోలేదు.

అందుకే, తల్లీ, ప్రతి మెషీన్ అడ్రస్, మాస్క్, గేట్‌వే ఒక కాగితం మీద రాసుకో. పింగ్ రెండు వైపుల నుంచీ చెయ్యి. మొదటి వారం ల్యాబ్ వాళ్లను రిపోర్టు కాగితం మీద కూడా ఇమ్మను, నువ్వు అడిగితే కాదనరు.

రాత్రి బస్సు ఎక్కకు. నన్ను రమ్మంటే పొద్దున్నే బయల్దేరి వస్తాను. పని నువ్వే చెయ్యి, నేను పక్కన కూర్చుంటాను.

నీ మావయ్య