రోబో అల్లిన గోపురాలు చూసి బి.ఆర్క్ అంటున్నాడు, చేర్పించమంటారా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ. లెక్కల్లో మంచి మార్కులు వస్తాయి. సి.ఎస్.ఇ. చేస్తాడనుకున్నాం. ఏడాదిగా గవ్వలు, సాలెగూళ్లు, పురుగుల రెక్కలు ఆధారంగా రోబోలతో భవనాలు కట్టే వీడియోలు చూస్తూ అదే చదువుతానంటున్నాడు. బయోమిమెటిక్ ఆర్కిటెక్చర్ అట, అంటే ప్రకృతి పనిచేసే తీరు చూసి కట్టడాలు రూపొందించడం. అందుకు ఆర్కిటెక్చర్ డిగ్రీ బి.ఆర్క్‌లో చేరతానంటాడు. వేసవంతా అట్టపెట్టెలు కత్తిరించి గోపురాలు కట్టాడు. పరీక్షలు దగ్గరపడుతున్నాయని వాటన్నిటినీ పాత సామాన్లవాడికి వేసేశాను. అప్పటినుంచి నాతో సరిగా మాట్లాడటం లేదు. ఇది నిజమైన ఇష్టమా, వీడియోల మోజా? ఈ కోర్సు ఎక్కడుంది? సి.ఎస్.ఇ.తో పోల్చి ఏది మంచిదో చెప్పండి. ముందు సి.ఎస్.ఇ. పూర్తిచేసి, తర్వాత ఇష్టమైనది చేసుకోమనడం తప్పా? - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఇలాంటి ఉత్తరం నాకు కొత్త కాదు. కోర్సు పేరు మాత్రం మారుతుంటుంది. ఒకప్పుడు యానిమేషన్, ఆ తర్వాత గేమ్ డిజైన్, ఇప్పుడిది. అన్నిటి అడుగునా ఉండే దిగులు ఒకటే: తోటివాళ్లంతా ఉద్యోగాల్లో స్థిరపడుతుంటే మావాడొక్కడే మిగిలిపోతాడేమోనని. కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను. లెక్కలు వచ్చి, ఎవరూ చెప్పకుండానే వేసవంతా ఒక పని పట్టుకుని కూర్చోగలిగిన పిల్లవాడు తిండికి లేకుండా పోడు. ఈ రెండూ ఒకేచోట ఉన్న పిల్లలు మీరనుకునేంత ఎక్కువమంది లేరు. నాటా, జేఈఈ లాంటి ప్రవేశపరీక్షల వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి, వాటి జోలికి పోను.

మీ అబ్బాయి చూస్తున్నదేమిటో మీరూ ఒకసారి కూర్చుని చూడండి. జర్మనీలోని స్టుట్‌గార్ట్ విశ్వవిద్యాలయంలో ఆకిమ్ మెంగెస్, యాన్ క్నిపర్స్ బృందాలు 2010 నుంచి ప్రయోగాత్మక మండపాలు కడుతున్నాయి. 2011లో కట్టినదానికి ఆధారం సాండ్ డాలర్ అనే సముద్రజీవి. బిళ్లలా ఉండే దాని పెంకు ఒకే ముక్క కాదు. చిన్న చిన్న పలకలు అంచుల దగ్గర ఒకదానిలోకి ఒకటి పళ్లు దిగి ఉంటాయి. ఒక్కో మూల దగ్గర మూడేసి పలకలే కలుస్తాయి. అలా కలిసినచోట అతుకు మీద వంచే బలం పడదు, అందుకే పలక పలచగా ఉన్నా పెంకు నిలబడుతుంది. ఆ సూత్రం పట్టుకుని 6.5 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో మండపం లేపారు. అందులో రకరకాల ఆకారాల పలకలు 850కి పైగా, వాటిని కలిపే పళ్ల అతుకులు లక్షకు పైగా ఉన్నాయి. మన వడ్రంగులు సొరుగు మూలల్లో కోసే అతుకే అది. కాకపోతే పలక పలకకీ కోణం మారుతుంది కనుక కోత రోబోకి అప్పగించారు. అదే దారిలో 2019లో జర్మనీలోనే హైల్‌బ్రోన్ ఉద్యాన ప్రదర్శనలో 30 మీటర్ల వెడల్పున చెక్క గోపురం కట్టారు. రోబోలు సిద్ధం చేసిన 376 చెక్క పెట్టెలను ఇద్దరు పనివాళ్లు పది పనిదినాల్లో బిగించేశారు.

ఇది గారడీ కాదని తెలియడానికే ఇంత వివరంగా చెప్పాను. ఇప్పుడు నా అనుమానాలు కూడా వినండి. ఈ రంగం మీద నాకు గౌరవం ఎంత ఉందో, దాని పేరుతో సాగుతున్న ప్రచారం మీద అనుమానం అంతకంటే ఎక్కువ ఉంది.

వీడియోల్లో కనిపించే మండపాల్లో చాలావరకు తాత్కాలికం. విశ్వవిద్యాలయం పరిశోధన కోసం కట్టినవి, కొన్నాళ్లు నిలబెట్టి విప్పేసినవి. అవి కట్టడమే నెలనెలా జీతం తెచ్చే ఉద్యోగంగా ఉన్నచోట్లు ప్రపంచం మొత్తంలో చాలా తక్కువ. మన దేశంలో మరీ తక్కువ. కూలి చవకగా దొరికే చోట ఖరీదైన రోబో చేత ఇటుక పేర్పించడానికి ఏ కాంట్రాక్టరూ తొందరపడడు.

రెండో అనుమానం ఇంకా పెద్దది. ప్రకృతి నుంచి నేర్చుకున్నామనే మాట కింద ఈ రోజుల్లో ఏదైనా చెల్లిపోతోంది. ఢిల్లీ లోటస్ టెంపుల్ 1986లో పూర్తయింది, పాలరాయి తొడిగిన 27 రేకులతో ఎంతో అందమైన కట్టడం. కానీ అది తామర రూపం తీసుకుంది, తామర పనిచేసే తీరు కాదు. సాండ్ డాలర్ మండపం చూడటానికి సాండ్ డాలర్‌లా ఉండదు, నిలబడేది మాత్రం దానిలాగే. ఈ తేడా తెలియకుండా ఐదేళ్లూ గడిపి, కృత్రిమ మేధ గీసిన గవ్వ బొమ్మలతో నిండిన ఫైలు పట్టుకుని ఉద్యోగానికి తిరిగే పిల్లల్ని చూస్తుంటే నాకు బాధేస్తుంది. ఆ గోడ దేనితో కడతావు, ఈ రెండు ముక్కలూ ఎలా కలుస్తాయి అని అడిగితే జవాబు ఉండదు.

జింబాబ్వే రాజధాని హరారేలోని ఈస్ట్‌గేట్ సెంటర్ సంగతి మీవాడికి తెలిసే ఉంటుంది. ఆ భవనాన్ని ఆర్కిటెక్టు మిక్ పియర్స్ చెదపుట్టల నుంచి స్ఫూర్తి పొంది రూపొందించగా 1996లో పూర్తయింది. మామూలు ఏసీ వ్యవస్థ లేకుండానే లోపల చల్లగా ఉంటుంది. చెదపుట్ట లోపలి వేడిని తగ్గించే తీరు గురించి అప్పట్లో అనుకున్నది సరికాదని తర్వాత జీవశాస్త్రవేత్తలు పుట్టల్ని కొలిచి చూపించారు. అయినా భవనం పనిచేస్తూనే ఉంది. రాత్రి చల్లగాలిని ఫ్యాన్లతో లోపలికి తోలి బరువైన కాంక్రీటును చల్లబరుస్తారు, ఆ కాంక్రీటు పగటి వేడిని పీల్చుకుంటుంది. కథ తప్పినా భవనాన్ని కాపాడింది లెక్క. మీ అబ్బాయి నేర్చుకోవలసింది ఆ లెక్క.

రోబో లేనిదే ఈ పని లేదనుకోవడం కూడా పొరపాటే. స్పెయిన్ ఆర్కిటెక్టు గౌడీ తాళ్లకు చిన్న చిన్న బరువు సంచులు వేలాడదీసి, ఆ వంపును తలకిందులు చేసి కమానులకు రూపం కనుక్కున్నాడు. జర్మన్ ఆర్కిటెక్టు ఫ్రై ఒట్టో సబ్బు పొరలను తీగ చట్రాల్లో సాగదీసి డేరా కప్పుల ఆకారాలు వెతికాడు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ కప్పుల వెనక ఉన్నది ఆ పరిశోధనే. 2015లో ఆయనకు ఆర్కిటెక్చర్‌లో అత్యున్నతమైన ప్రిట్జ్‌కర్ పురస్కారం వచ్చింది. దారాలూ సబ్బునీళ్లూ ఖమ్మంలోనూ దొరుకుతాయి.

అందుకే, అయ్యా, ఆ అట్ట గోపురాల విషయంలో మీ మీద నాకు కోపంగా ఉంది. పిల్లవాడికి నిజంగా ఇష్టం ఉందా, లేక వీడియోల మోజా అని నన్ను అడుగుతున్నారు. దానికి రుజువు మీ ఇంట్లోనే ఉండేది. మీరు దాన్ని తూకానికి వేసేశారు. పరీక్షల భయం అర్థమవుతుంది, ఓ గదిలో పెట్టి తాళం వేయవలసింది. ఆర్కిటెక్చర్ కాలేజీలో మొదటి ఏడాది చేయించేది సరిగ్గా అలాంటి నమూనాలు కట్టే పనే. పిల్లవాడితో మాట్లాడండి. తప్పు జరిగిందని మీరే ముందు చెప్పండి, కొడుకు దగ్గర తగ్గితే పోయే పరువేమీ లేదు.

ముందు సి.ఎస్.ఇ., తర్వాత ఇష్టమైనది అనే మాట కూడా ఆపండి. నాలుగేళ్లు చదివాక మళ్లీ ఐదేళ్ల బి.ఆర్క్ మొదటి సంవత్సరంలో ఎవరు కూర్చుంటారు? ఆ "తర్వాత" రాదని మీకూ తెలుసు, మీవాడికీ తెలుసు. బి.ఆర్క్ వద్దని మీరు గట్టిగా అనుకుంటే సి.ఎస్.ఇ. కన్నా సివిల్ దగ్గరి దారి. ఈ మండపాలు కట్టడంలో సగం పని స్ట్రక్చరల్ ఇంజనీర్లదే. క్నిపర్స్ స్వయంగా ఇంజనీరు.

పోల్చి చెప్పమన్నారు కనుక చెబుతాను. మొదటి జీతం మాత్రమే చూస్తే సి.ఎస్.ఇ.దే పైచేయి, అందులో దాపరికం ఏమీ లేదు. ఆర్కిటెక్టు ఆఫీసుల్లో తొలి రెండు మూడేళ్లు జీతం తక్కువ, పని గంటలు ఎక్కువ. చదువూ ఒక ఏడాది ఎక్కువే. అయితే 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం కింద కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదయ్యాక సొంతంగా ప్రాక్టీసు పెట్టుకోవచ్చు. మండపాలు కట్టే ఉద్యోగం దొరకకపోయినా ఆ నైపుణ్యం వృథా పోదు. రైనో, గ్రాస్‌హాపర్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లలో పట్టు, కొంచెం పైథాన్ వచ్చిన ఆర్కిటెక్టు అద్దాల ముఖభాగాలు చేసే సంస్థల్లో, స్టీలు ఫ్యాబ్రికేషన్‌లో, ప్రీకాస్ట్ కాంక్రీటులో, బిమ్ (భవనం వివరాలన్నిటితో కంప్యూటర్ నమూనా తయారుచేయడం) పనులు చేసే హైదరాబాద్ ఆఫీసుల్లో పనికొస్తాడు. లెక్కలు బాగా వచ్చినవాడికి అక్కడ ఇంకా గిరాకీ. ఇంతకంటే లోతుగా జీతాల పట్టిక వేయను. మీవాడు సి.ఎస్.ఇ.లో అయిష్టంగా నాలుగేళ్లు కూర్చుంటే వచ్చే జీతం ఏ పట్టికలోనూ ఉండదు.

కోర్సు ఎక్కడుందన్నారు. డిగ్రీ స్థాయిలో ఈ పేరుతో వెతకవద్దు. ఈ పేరు తగిలించుకున్న కొత్త డిగ్రీలు, ఆరు వారాల సర్టిఫికెట్లు కనిపిస్తే డబ్బు కట్టకండి. మామూలు బి.ఆర్క్ చాలు. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది, విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. ఏ కాలేజీ చూడటానికి వెళ్లినా ప్రిన్సిపాల్ గదిలో కూర్చోకండి, వర్క్‌షాప్ చూపించమనండి. లేజర్ కటింగ్ యంత్రం ఉందని అందరూ చెబుతారు. దాని పక్కన కాలిన అట్టముక్కలు, చెక్కపొట్టు ఉన్నాయా, లేక గుడ్డ కప్పి ఉందా అన్నది చూడండి.

బాబూ, ఇది నీకు. ఒక సన్నని గొలుసు తీసుకుని గోడకు రెండు మేకులు కొట్టి వేలాడదీయి. ఆ వంపును కాగితం మీద దింపి తలకిందులు చెయ్యి. ఆ గీత మీద అట్టముక్కలు పేర్చి, జిగురు లేకుండా కమాను నిలబెట్టు. పడిపోతుంది. ఏ ముక్క దగ్గర, ఎటు పడిందో రాసి పెట్టుకో. పదోసారి పడ్డాక కూడా ఎందుకు పడిందో తెలుసుకోవాలని ఉంటే నువ్వు సరైన దారిలోనే ఉన్నావు. వీడియో పెట్టుకోవాలనిపిస్తే ఇంకొంచెం ఆలోచించు. పరీక్షలయ్యాక నాన్నను తీసుకుని సిద్దిపేట జిల్లా బూరుగుపల్లికి వెళ్లు. అక్కడ త్రీడీ ప్రింటింగ్‌తో కట్టిన గుడి ఉంది. గణపతికి మోదకం ఆకారం, శివుడికి చతురస్రం, పార్వతికి తామర. గోడ మీద పొరపొరగా దిగిన కాంక్రీటు గీతల్ని చేత్తో తడిమి చూడు. ప్రింటరు ఏది చేసింది, మామూలు పనివాళ్లు ఏది చేశారు అని లెక్క వేసుకో.

విదేశాల ఖర్చు తలుచుకుని ఇప్పుడే హడలిపోకండి. అది ఆరేడేళ్ల తర్వాతి మాట. స్టుట్‌గార్ట్‌లో ఐటెక్ అనే రెండేళ్ల మాస్టర్స్ ఇంగ్లిషులోనే నడుస్తుంది. ఐరోపా యూనియన్ బయటివాళ్లకు స్టుట్‌గార్ట్ ఉన్న రాష్ట్రం 2017 నుంచి సెమిస్టరుకు 1500 యూరోలు వసూలు చేస్తోంది. అది కాక ఉండటానికి, తినడానికి అయ్యేది వేరు. లండన్‌లో ఇలాంటి కోర్సులకు అంతకు ఎన్నో రెట్లవుతుంది. బి.ఆర్క్ అయిన వెంటనే ఇల్లు తాకట్టు పెట్టి పంపకండి. రెండేళ్లు ఎక్కడైనా నిర్మాణం జరిగేచోట పనిచేయనివ్వండి. పుదుచ్చేరి దగ్గరున్న ఆరోవిల్ ఎర్త్ ఇన్‌స్టిట్యూట్‌లో మట్టి ఇటుకలతో కమాను కప్పులు కట్టడం నేర్పుతారు, సెలవుల్లో అక్కడికి పంపినా మంచిదే. ఆ అనుభవంతో దరఖాస్తు పెట్టుకుంటే సీటుకూ బలం, అప్పుకూ ధైర్యం. ఎప్‌సెట్ కూడా రాయించండి, దానికి నాకు అభ్యంతరం లేదు. రెండు సీట్లూ వస్తే ఏది తీసుకోవాలో పిల్లవాణ్ణి చెప్పనివ్వండి.