విండోస్ 10 నుంచి లినక్స్‌కు మారవచ్చా?

తిరుపతిలో డీటీపీ దుకాణం నడుపుతున్నామని, పాత కంప్యూటర్ విండోస్ 11కు పనికిరాదంటున్నారని, ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్‌కు మారవచ్చా అని అడిగారు.

ఇంట్లో కంప్యూటర్ అయితే నిశ్చింతగా మారండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు (భద్రతా లోపాలకు సవరణలు పంపడం) 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, పాత యంత్రాల్లో చాలావాటికి అది లేదు. కేవలం ఆ కారణంతో బాగా పనిచేసే యంత్రాన్ని పారేయడం నాకు మనస్కరించదు.

దుకాణం సంగతి వేరు. అక్కడ చిక్కంతా ‘అను’ అనే తెలుగు ఫాంట్లతోనే. అవి యూనికోడ్ (ప్రతి అక్షరానికీ ఎక్కడైనా ఒకే సంకేతం ఉండే ప్రమాణం) కావు. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల స్థానాల్లో తెలుగు ఆకారాలను కూర్చినవి. గాంధీ రోడ్డులో మిత్రుడి దుకాణంలో ఒక పాత పెళ్లిపత్రికను లినక్స్‌లో తెరిచాం. ‘శ్రీరస్తు, శుభమస్తు’ ఉండాల్సిన చోట అర్థంకాని గుర్తుల వరుస! పైగా పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌కు లినక్స్ రూపమే లేదు. ఏళ్ల తరబడి దాచుకున్న పత్రికల నమూనాలు మీ పెట్టుబడి. అందుకే అక్కడ విండోస్‌నే ఉంచి, భద్రత కోసం ఆ యంత్రానికి ఇంటర్నెట్ తీసేయండి. కొత్త పనులను మెల్లగా యూనికోడ్‌లోకి తెచ్చుకోండి.

ఇంటి యంత్రానికి లినక్స్ రకాల్లో ఒకటైన లినక్స్ మింట్ చాలు. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, హార్డ్‌డిస్క్‌ను తాకకుండా దానినుంచే నడిపి చూడవచ్చు. వైఫై, ప్రింటర్, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పనిచేస్తున్నాయో లేదో రెండు రోజులు పరీక్షించండి. తర్వాత ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లో భద్రపరచుకున్నాకే ఇన్‌స్టాల్ చేయండి.